‘బీ’ని ‘బేగం’ చేసిన రాత్రి

2022 ఏప్రిల్ 4. రమజాన్ రెండో రోజా. ఆ రోజు పొద్దున మన రాష్ట్రం నక్షా మారిపోయింది. 13 జిల్లాలు 26 అయ్యాయి. మన విశాఖపట్నం జిల్లా మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా. టీవీలో అందరూ కొత్త కలెక్టరాఫీసుల గురించి మాట్లాడుతుంటే నా ఫికర్ మాత్రం వేరే. గాజువాక వైపు ఒక చిన్న అంజుమన్ ఉంది, దాని వెబ్‌సైటు చూసుకునే జిమ్మేదారీ నాది. జీతం లేదు, సవాబ్ ఉంటుందని పెద్దలు చెప్పి అప్పగించిన పని. వజీఫా తీసుకునే పిల్లలు, బేవా ఔరతులు, రక్తదానం చేసేవాళ్ళు, ఉచితంగా చూసే డాక్టర్లు, మన మొహల్లాల్లో దుకాణాలు, అంతా కలిపి పద్నాలుగు వందల పైచిలుకు పేర్లు. ప్రతి పేరు కింద ఊరు, మండలం, జిల్లా.

జిల్లా మార్చాలి. చేత్తో ఒక్కో పేజీ తెరిచి మారిస్తే రమజాన్ అయిపోతుంది, బక్రీద్ కూడా వచ్చేస్తుంది. అందుకని స్క్రిప్టు రాశాను. వెబ్‌సైట్ల పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట: స్క్రిప్టు అంటే మెషీన్‌కి రాసిచ్చే హుకుంనామా. ‘ఈ మాట ఎక్కడ కనబడితే అక్కడ తీసేసి ఆ మాట పెట్టు’ అంటే పెడుతుంది. వంద పేజీలైనా లక్ష పేజీలైనా దానికి ఒకటే. అలసిపోదు, అడగదు, సందేహపడదు. దాని ఖూబీ అదే, దాని ఖతరా కూడా అదే.

జిల్లాల పని మాత్రం, అల్‌హందులిల్లాహ్, బాగానే చేశాను. ఎందుకంటే అక్కడ భయపడ్డాను. ‘విశాఖపట్నం’ అనే మాట జిల్లా పేరు ఒక్కటే కాదు కదా, ఊరు పేరు, పోర్టు పేరు, స్టేషను పేరు. గుడ్డిగా మార్చేస్తే అనకాపల్లి పోర్టు తయారవుతుంది, సముద్రం తప్ప అన్నీ ఉన్న పోర్టు! అందుకని మాటని కాదు, మండలాన్ని పట్టుకున్నాను. యలమంచిలి, నర్సీపట్నం, పరవాడ ఉన్న పేర్లు అనకాపల్లికి. అరకు, పాడేరు ఉన్నవి అల్లూరి జిల్లాకి. గాజువాక, భీమిలి ఉన్నవి అక్కడే. యాభై యాభై పేర్లుగా విడగొట్టి నడిపాను. ప్రతి యాభై అయ్యాక ఆగి, నాలుగైదు పేజీలు తెరిచి నా కళ్ళతో చూసుకున్నాను. రెండు రాత్రుల్లో పని ఖతం. సదర్ సాబ్ ఫోన్ చేసి మరీ షాబాష్ అన్నారు.

ఆ షాబాషే నన్ను ముంచింది.

ఆ ఫోన్‌లోనే ఆయన ఇంకో మాట అన్నారు. “బేటా, ఎలాగూ చేస్తున్నావు కదా, పేర్లు కూడా ఒక సైజులో పెట్టెయ్. ఒకరు ఎస్‌కే అని, ఒకరు షేక్ అని, ఒకరు ఎండీ అని. బయటివాళ్ళు చూస్తే మనవాళ్ళకి పేరు రాసుకోవడం కూడా రాదనుకుంటారు.” నాకూ సబబే అనిపించింది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. సహరీకి ముందు కూర్చుని మూడే మూడు హుకుంలు రాశాను. ఎస్, కె పక్కపక్కన ఉంటే షేక్. ఎం, డి ఉంటే మహమ్మద్. ‘బీ’ అని ఉంటే బేగం. ఈసారి యాభైలు లేవు, ఆగడాలు లేవు. అజాన్ టైమ్ అవుతోంది, ఒక్క బటన్ నొక్కి పద్నాలుగు వందలూ ఒకేసారి నడిపేశాను.

ఫజర్ నమాజ్ అయ్యాక వచ్చి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎస్.కోటని మధ్యలో చుక్క లేకుండా రాసినవాళ్ళ ఊరు ‘షేకోట’ అయిపోయింది. మనకి ఉచితంగా పేషెంట్లని చూసే ఒక రావు గారు ఎం.డి. డాక్టరు. ఆయన డిగ్రీ పోయి రావు గారి పేరు చివర మహమ్మద్ వచ్చి కూర్చుంది. రబియా అనే పిల్ల ‘రబేగంయా’ అయింది, ఆబిదా ‘అబేగందా’ అయింది, హబీబ్ భాయ్ ‘హబేగంబ్’ అయ్యాడు. రావు గారికి ఫోన్ చేసి మాఫీ అడిగితే ఆయన పడీ పడీ నవ్వి, “ఇఫ్తార్‌కి పిలుస్తానంటే అలాగే ఉంచెయ్” అన్నారు. మధ్యాహ్నానికల్లా ఇవన్నీ వెతికి వెతికి సరిచేశాను. ఇక అయిపోయిందనుకున్నాను.

అసలు గలతీ అప్పటికి నాకు కనబడనే లేదు. వింతగా మారినవి కంటికి కనబడతాయి, ఎవరో ఒకరు నవ్వుతారు, సరిచేస్తాం. సాఫ్‌గా మారిపోయినవి ఎవరికి కనబడతాయి? పేరు చివర ‘బీ’ ఉన్న ఔరతులందరూ నీట్‌గా, అందంగా, ఒక్క అక్షరం వంకర లేకుండా ‘బేగం’ అయిపోయారు. చూసిన ప్రతివాడికీ అది కరెక్టుగానే కనిపించింది. నాక్కూడా. సదర్ సాబ్‌కి కూడా.

ఈద్‌కి వారం ముందు బేవా ఔరతులకి అంజుమన్ తరఫున చెక్కులు ఇస్తారు. చెక్కుల మీద రాసే పేర్ల లిస్టు ఎక్కడి నుంచి తీస్తారు? వెబ్‌సైటు నుంచే. చెక్కు మీద బేగం, పాస్‌బుక్కులో బీ. బ్యాంకు కౌంటర్లో తీసుకోలేదు. బ్యాంకువాళ్ళని నేను తప్పు పట్టను, పేరు వేరైతే వాళ్ళేం చేస్తారు? మొత్తం పదకొండు మంది. కొందరు ఆటోకి డబ్బులు పెట్టుకుని రెండేసిసార్లు తిరిగారు. కొత్త చెక్కులు రాసి, ఇద్దరు జిమ్మేదార్లతో సంతకాలు పెట్టించి ఇచ్చేసరికి ఈద్ వెళ్ళిపోయింది.

అందులో ఒక ఖాలా నేరుగా మా ఇంటికి వచ్చేసింది. కూర్చోమంటే కూర్చోలేదు. చెక్కు నా చేతిలో పెట్టి, “ఏం బేటా, ఈ బేగం ఎవరు? నా చెక్కు ఆమెకెందుకు రాశారు?” అంది. నేను ఏదో కంప్యూటర్, స్పెల్లింగ్ అని చెప్పబోయాను. ఖాలా నా మాట పూర్తి కానివ్వలేదు. “మా అమ్మ మన్నత్ మొక్కి పెట్టుకున్న పేరు. నన్నడగకుండా మార్చడానికి నీకు ఇజాజత్ ఎవరిచ్చారు?”

ఆ సవాల్‌కి నా దగ్గర జవాబ్ లేదు. ఇప్పటికీ లేదు.

ఆ రోజు నుంచి మన పేర్ల గురించి నేను వేరేగా ఆలోచిస్తున్నాను. మస్తాన్‌బీ, నాగూర్‌బీ, ఖాసింబీ. ఇవి తప్పుగా రాసిన పేర్లు కావు. ఇవి తెలుగు నేల మీద పుట్టిన పేర్లు. మస్తాన్ అంటే గుంటూరు కాలే మస్తాన్ దర్గా, నెల్లూరు దగ్గర కసుమూరు మస్తాన్ వలీ దర్గా గుర్తొస్తాయి. నాగూర్ అంటే తమిళనాడు సముద్రపు ఒడ్డున ఉన్న నాగూర్ దర్గా. సైదులు అంటే జాన్‌పహాడ్. ఈ పేర్లు మన ఇళ్ళల్లోనే లేవు. మస్తాన్ రావులు, నాగూర్ రావులు, ముస్లిం కాని సైదులు ఎంతమంది లేరు? ఒక పిల్ల పేరు చివర ‘బీ’ అని ఉంటే ఆమె అమ్మీ, నానీ ఏ దర్గా మెట్ల దగ్గర కూర్చుని దువా చేశారో కొంతవరకు తెలిసిపోతుంది. ‘బేగం’ అని రాస్తే ఏం తెలుస్తుంది? హైదరాబాద్ నవాబుల హవేలీ వాసన ఒకటి వస్తుంది, అంతే.

నిజం ఒప్పుకుంటాను. నేను ఆ హుకుం రాసినప్పుడు నా మనసులో స్పెల్లింగ్ ఒక్కటే లేదు. ‘బీ’ అంటే పల్లెటూరు, ‘బేగం’ అంటే ఖాందానీ అనే ఖయాల్ ఎక్కడో ఉంది. మనలో చాలామందిలో ఉంది. కొడుకు కాస్త చదువుకుని ఉద్యోగం రాగానే శుభలేఖ మీద తండ్రి పేరు సైదులు పోయి సయ్యద్ అవుతుంది. కొందరు దూదేకుల అనే మాట తీసేస్తారు, కొందరు నూర్‌బాషా అని పెట్టుకుంటారు. ఎవరి పేరు వాళ్ళిష్టం, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఒక మనిషి తన పేరు తాను మార్చుకోవడం వేరు. సహరీ టైమ్‌లో నిద్రకళ్ళతో ఒక పిల్లవాడు పదకొండు మంది పేర్లు ఒక్క బటన్‌తో మార్చేయడం వేరు. స్క్రిప్టుకి సొంత అహంకారం ఉండదు, నిజమే. కానీ రాసేవాడి అహంకారాన్ని అది పద్నాలుగు వందల కాపీలు తీస్తుంది.

‘ఒక చిన్న అంజుమన్ సంగతికి ఇంత గోలా?’ అంటారేమో. పెద్దచోట్ల కూడా ఇదే జరిగింది జనాబ్. 2015 మార్చిలో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాలు శుద్ధి చేసే కార్యక్రమం దేశమంతా మొదలుపెట్టింది. ఓటరు కార్డుని ఆధార్‌తో జోడించడం అందులో ముఖ్యమైన పని. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆధార్ వాడకం మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, రెండు రోజుల్లో సంఘం ఆ జోడింపు ఆపేయమంది. అక్కడితో కథ అయిపోలేదు. 2018 డిసెంబర్ 7న తెలంగాణలో పోలింగ్. ఓటరు కార్డు చేతిలో పట్టుకుని బూత్‌కి వెళ్ళినవాళ్ళు జాబితాలో తమ పేరు లేదని తెలిసి వెనక్కి వచ్చారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల కూడా తన పేరు మాయమైందని బయటికి చెప్పారు. రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. పేర్లు తీసేయడంలో సాఫ్ట్‌వేర్ చేసిన పని ఎంత, మనిషి ఇంటికి వెళ్ళి అడిగింది ఎంత అనే సవాల్ హైకోర్టు దాకా వెళ్ళింది. నాకు అందులో నా ఖాలాయే కనిపిస్తుంది. ‘నన్నడగకుండా తీసేయడానికి ఇజాజత్ ఎవరిచ్చారు’ అనే కదా వాళ్ళు కూడా అడిగింది.

మనవాళ్ళకి ఈ దెబ్బ ఇంకొంచెం గట్టిగా తగులుతుంది. కారణం సాదాసీదాది. అరబీ, ఫారసీ, ఉర్దూ మాటలని మనం తెలుగులో ఒక రకంగా పలుకుతాం, ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తాం. మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్, మహ్మద్ - ఒకే ఇంట్లో నలుగురు అన్నదమ్ముల సర్టిఫికెట్లలో నాలుగూ ఉంటాయి. స్కూల్లో చేర్పించిన రోజు మాస్టారు ఎలా విన్నారో అలా రాశారు. గల్ఫ్‌కి వెళ్ళే పిల్లల అమ్మానాన్నలకి నేను చెప్పాలా, ఒక్క అక్షరం కోసం ఎన్ని దఫ్తర్లు తిరగాలో! తెలుగు లిపిలో రాసినా బాధ తప్పదు. ‘నూర్‌బాషా’ అన్న మాటలో ‘ర్’కీ ‘బా’కీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు టైపు చేస్తాం, అక్షరాలు కలిసిపోకుండా ఉండడానికి. ఒకరు ఆ గుర్తు పెడతారు, ఇంకొకరు ఖాళీ వదులుతారు. చదివే మనిషికి రెండూ ఒకటే పేరు. మెషీన్‌కి మాత్రం ఇద్దరు వేరే వేరే మనుషులు.

అలాగని స్క్రిప్టులు హరామ్ అని నేననడం లేదు. చేత్తో చేసినా తప్పులొస్తాయి, ఇంకా ఎక్కువొస్తాయి. జిల్లా పేర్లు, పిన్‌కోడ్లు, పాత ఫోన్ నంబర్లు, దుకాణాల టైమింగులు, ఇవన్నీ మెషీన్‌కి ఇచ్చేయండి, శుకర్ చేసుకోండి. నా తకరార్ రెండు విషయాల మీదే: ఎలా నడుపుతున్నాం, దేని మీద నడుపుతున్నాం.

ఎలా నడపాలో నాకు మా అబ్బా చెప్పారు. ఆయనకి కంప్యూటర్ రాదు. స్టీల్ ప్లాంట్‌లో స్టీల్ మెల్టింగ్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. నా కథంతా విని, “మేము ఉక్కు ఎలా పోస్తామో నీకు ఎప్పుడూ చెప్పలేదా?” అన్నారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ - మన బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు ఇవే, ఎంత మంచి పేర్లో చూడండి - వాటి నుంచి వచ్చిన కరిగిన ఇనుము కన్వర్టర్‌లోకి వెళ్తుంది. అక్కడ ఆక్సిజన్ ఊది ఉక్కు చేస్తారు. ఒక్కసారి పోసి తీసినదాన్ని ఒక హీట్ అంటారు. ప్రతి హీట్‌కి ఒక నంబర్. ప్రతి హీట్ నుంచి చిన్న శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపుతారు. కార్బన్ ఎంత, గంధకం ఎంత అని రిపోర్టు చూసుకునే ముందుకు పోనిస్తారు. ఎప్పుడో పదేళ్ళకి ఒక కమ్మీలో లోపం కనబడినా, నంబర్ పట్టుకుని వెనక్కి వెళ్ళి అది ఏ హీట్ అని చెప్పేయొచ్చు. “ఒక హీట్ చెడితే ఆ హీట్ వరకే నష్టం. నువ్వేమో శాంపిల్ తీయకుండా ప్లాంటంతా ఒకేసారి పోసేశావు” అన్నారు అబ్బా.

ఆయన చెప్పినదాంట్లో మా పనికి పనికిరాని మాట ఒక్కటి లేదు. మా పనిముట్లలో కూడా ఈ ఎహతియాత్ అంతా ఎప్పటి నుంచో ఉంది, నేనే వాడలేదు. మా సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. అందులో ఒకేసారి మాటలు మార్చే ఆజ్ఞకి ‘డ్రై రన్’ అని ఒక మాట తగిలిస్తే ఏదీ మార్చదు, ఎన్నిచోట్ల మారుతుందో మాత్రం చెప్పి ఊరుకుంటుంది. ఆ రాత్రి ఆ ఒక్క మాట తగిలించి ఉంటే? మూడు వందల మంది పేర్లు వరకే ఉండాల్సిన చోట ఏడు వందలు అని చూపించేది, నేను చేయి వెనక్కి తీసుకునేవాణ్ణి. తెలుగు వికీపీడియా చూడండి. అక్కడ వేల ఊళ్ళకి పేజీలున్నాయి. బాట్‌తో మార్పులు చేసేవాడు ముందు నలుగురికి చెప్పి, అనుమతి తీసుకుని చేయడం వికీలో రివాజు. ప్రతి మార్పు పేజీ చరిత్రలో ఉండిపోతుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ముందు ఏముంది, అన్నీ. తప్పని తేలితే వెనక్కి తిప్పేయొచ్చు. మా అంజుమన్ సైటులో ఆ రాత్రి ముందు ఏముందో చెప్పే హిసాబ్ లేదు. పాత పేర్లన్నీ కాగితం రిజిస్టర్ తీసి మళ్ళీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. పదిహేనేళ్ళ కిందటి నీలం అట్ట రిజిస్టరు. దాన్ని పారేయమని అంతకు ముందు సంవత్సరమే నేను సలహా ఇచ్చాను, ఎవరూ వినకపోవడం నా ఖుష్‌నసీబ్.

ఇక రెండోది, దేని మీద నడపాలి. డ్రై రన్ చేసినా, యాభై యాభైగా చేసినా, ‘బీ’ని ‘బేగం’ చేయడం తప్పే అయ్యేది. జాగ్రత్తగా చేసిన తప్పు అయ్యేది. ఇది ఒప్పుకోని దోస్తులు నాకున్నారు. “డేటా అన్నాక ఒక పద్ధతి ఉండాలి, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు రాస్తే వెతకడం ఎలా?” అంటారు. వెతకడానికి ఇబ్బందే, కాదనను. దానికి ఇలాజ్ కూడా ఉంది. వెతకడం కోసం పక్కన ఇంకో గడి పెట్టుకోండి, అందులో షేక్ అని రాసుకోండి, మహమ్మద్ అని రాసుకోండి, మెషీన్‌కి ఎలా సులువైతే అలా రాసుకోండి. ఆ గడి మెషీన్‌ది. పేరు గడి మాత్రం ఆ మనిషిది. అది మన దగ్గర ఉన్న అమానత్. అమానత్‌ని తుడిచి మెరుగుపెట్టి ఇవ్వమని ఎవరూ అడగలేదు, ఎలా ఇచ్చారో అలా ఉంచితే చాలు.

ఇప్పుడు మా సైటులో మూడు గడులున్నాయి. మనిషి తన నోటితో చెప్పిన పేరు. బ్యాంకు పుస్తకంలో ఉన్న పేరు. వెతకడానికి పేరు. మొదటి రెండింటినీ ఏ స్క్రిప్టూ తాకకుండా తాళం వేశాను. మార్చాలంటే ఇద్దరు మనుషులు కూర్చుని, ఆ మూడో మనిషిని అడిగి మార్చాలి. మీ మొహల్లాలో కూడా మస్జిద్ కమిటీకో, మదరసాకో, స్కూలుకో ఎవరో ఒక కుర్రాడు ఫ్రీగా వెబ్‌సైటు చూస్తుంటాడు. అతన్ని ఒకసారి అడిగి చూడండి, పాత పేర్లు ఎక్కడ దాచావు బేటా అని. తడబడితే కోప్పడకండి, నేనూ తడబడినవాణ్ణే.

ఈద్ తరువాత కొత్త చెక్కులు పట్టుకుని పదకొండు ఇళ్ళకీ నేనే వెళ్ళాను. మాఫీ అడిగాను. ఖాలా చాయ్ ఇచ్చింది, చెక్కు మీద తన పేరు చదివించుకుని మరీ తీసుకుంది. చివరి ఇల్లు పెదగంట్యాడ వైపు. అక్కడి ఆపా చెక్కు తీసుకుని, నేను లేవబోతుంటే కొంచెం ఆగమంది. బ్యాంకు గడిలో బీ అనే ఉంచమంది, చెక్కు మళ్ళీ వెనక్కి రాకూడదు కదా. మొదటి గడిలో మాత్రం, మీరు రాసిన ఆ బేగం బాగుంది, దాన్ని అలాగే ఉంచేయమంది. ఎందుకని నేను అడగలేదు. అడిగి రాసుకున్నాను, సంతకం తీసుకున్నాను.